సీసా మీద ‘హార్మోన్ బ్యాలెన్స్’: ఏ హార్మోను, ఎటు వైపు, ఎంత?

ఆడవాళ్ళ కోసం అమ్మే మూలికల సీసాల మీద, క్యాప్సూల్ డబ్బాల మీద, పొడి ప్యాకెట్ల మీద ఒకే మాట కనిపిస్తుంది: ‘హార్మోన్ బ్యాలెన్స్’. పదిహేడేళ్ళ పిల్లకి రెండు మూడు నెలలుగా నెలసరి రాకపోయినా అదే సీసా. ముప్ఫై ఐదేళ్ళ ఆవిడకి బ్లీడింగ్ ఎక్కువవుతున్నా అదే సీసా. నలభై ఎనిమిదేళ్ళ ఆవిడ రాత్రిపూట ఒళ్ళంతా చెమట పట్టి లేచి కూర్చుంటున్నా అదే.

ఈ ముగ్గురి ఒంట్లో జరుగుతున్నది ఒకటి కాదు. పిల్లకి పీసీఓడీ (అండాశయాల పనితీరు తేడా వచ్చి నెలసరి తప్పే సమస్య) అయితే ఇన్సులిన్, దానితో పాటు మగ హార్మోన్లు ఎక్కువగా ఉండవచ్చు. వాటిని తగ్గించాలి. ముప్ఫై ఐదేళ్ళ ఆవిడకి హార్మోన్లన్నీ మామూలుగానే ఉండి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉండవచ్చు. మూడో ఆవిడకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోతోంది, అక్కడ కావలసింది పెంచడం. ఒకరికి తగ్గించాల్సింది, ఒకరికి పెంచాల్సింది, ఇంకొకరికి అసలు సంబంధమే లేనిది ఒకే పొడి ఎలా చేస్తుంది? అందుకే మొక్కల సప్లిమెంట్ల గురించి మాట్లాడేటప్పుడు ‘మంచిదా, చెడ్డదా’ అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడితే దారి దొరకదు. ఏ హార్మోను, ఎటు వైపు, ఎంత అని అడగాలి.

‘బ్యాలెన్స్’ అన్న మాట ఇంతగా వాడుకలోకి రావడానికి చట్టం కూడా కొంత కారణం అనిపిస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, ఆడవాళ్ళ నెలసరి దోషాలను సరిచేస్తుందంటూ ఏ మందునూ ప్రచారం చేయకూడదని మూడో సెక్షన్‌లోనే చెబుతుంది. ‘సరిచేస్తుంది’ అంటే చిక్కు. ‘బ్యాలెన్స్’, ‘సపోర్ట్’ జబ్బు పేర్లు కావు. ఆహార భద్రతా సంస్థ నిబంధనల కింద హెల్త్ సప్లిమెంట్‌గా అమ్మే డబ్బా మీద ‘ఔషధంగా వాడటానికి కాదు’ అనే అర్థం వచ్చే ముద్ర తప్పనిసరి. అదే డబ్బా ముందు వైపు పీసీఓడీ పేరు పెద్దక్షరాల్లో ఉంటే, కొనే ఆవిడ ఏ వైపు చదవాలి? వెనక వైపు చదవడమే మేలు.

మరి మొక్కలకు హార్మోన్లను కదిలించే శక్తి లేదా అంటే, ఉంది. దానికి మొదటి గట్టి సాక్ష్యం ఇచ్చింది గొర్రెలు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో మంచి పచ్చిక మీద మేస్తున్న ఆడ గొర్రెలు చూలు కట్టడం మానేశాయి. మేత కొరత లేదు, అంటువ్యాధి కూడా కాదు. వెతికితే కారణం మేతలోనే దొరికింది. అవి నెలల తరబడి మేసింది క్లోవర్ అనే పప్పుజాతి గడ్డి. అందులోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థాన్ని గొర్రె కడుపులోని సూక్ష్మజీవులు ఈక్వాల్‌గా మారుస్తాయి. ఆ ఈక్వాల్ ఈస్ట్రోజెన్‌లా పనిచేసి, సంతానశక్తిని దెబ్బతీసింది. ‘క్లోవర్ డిసీజ్’ అని దానికి పేరు పెట్టారు. ఆ క్లోవర్‌కి దగ్గరి చుట్టమైన రెడ్ క్లోవర్ సారాన్నే ఈరోజు మెనోపాజ్ (ముట్లు ఆగిపోయే దశ) క్యాప్సూళ్ళలో నింపుతున్నారు.

ఆ గొర్రెల కథలో గమనించాల్సిన విషయాలు రెండున్నాయి. ఒకటి మోతాదు. వాటికి పూటపూటా తిండి అదే. రెండోది కడుపులోని సూక్ష్మజీవులు. సోయాలో ఉండే డైడ్‌జీన్ అనే పదార్థాన్ని మనిషి పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా కూడా ఈక్వాల్‌గా మారుస్తాయి. కానీ ఆ బ్యాక్టీరియా అందరిలో ఉండవు. పాశ్చాత్య దేశాల వాళ్ళలో నూటికి పాతిక ముప్ఫై మందిలో, జపాన్ వాళ్ళలో సగానికి పైగా మందిలో ఉంటాయని అంచనా. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే డబ్బాలోంచి ఒకే మాత్ర వేసుకున్నా ఒకరికి తేడా తెలిసి, ఇంకొకరికి ఏమీ తెలియకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ‘మా వదినకి బాగా పనిచేసింది’ అన్న మాట అబద్ధం కాదు. అది వదిన కడుపు గురించి చెప్పే నిజం.

ఈస్ట్రోజెన్ కణాల్లో ఆల్ఫా, బీటా అనే రెండు రకాల గ్రాహకాలకు (హార్మోన్‌ను పట్టుకునే చోట్లకు) అంటుకుని పనిచేస్తుంది. సోయాలోని జెనిస్టీన్ ఎక్కువగా బీటా వైపు మొగ్గుతుంది. అంటుకున్నా, ఒంట్లో పుట్టే ఈస్ట్రోజెన్‌తో పోలిస్తే దాని బలం చాలా తక్కువ. ఒంట్లో ఈస్ట్రోజెన్ నిండుగా ఉన్న వయసులో ఈ బలహీనమైన అణువు చోటు ఆక్రమించి అసలుదాని పనిని కాస్త అడ్డుకోవచ్చు. ముట్లు ఆగిపోయాక, అసలుది లేనప్పుడు, ఇదే కొద్దిపాటి ఈస్ట్రోజెన్‌లా పనిచేయవచ్చు. సోయా ఈస్ట్రోజెన్‌ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాకపోవడం అందుకే.

మనుషుల మీద చేసిన పరీక్షల్లో తేలింది ఎంత? మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్ల మీద 43 పరీక్షలను, నాలుగు వేలకు పైగా మహిళల వివరాలను 2013లో వైద్య పరీక్షలను తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. మొక్కల ఈస్ట్రోజెన్లు పనిచేస్తాయని గట్టిగా చెప్పలేమంది. జెనిస్టీన్ ఎక్కువగా ఉన్న సారాల మీద మాత్రం ఇంకా పరిశోధన జరగాలంది. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన మరో సమీక్ష, 62 అధ్యయనాలు చూసి, పగటి ఆవిర్లు, యోని పొడిబారడం కొంచెం తగ్గాయని, రాత్రి చెమటలు తగ్గలేదని చెప్పింది. అంటే సున్నా కాదు, అలాగని డబ్బా మీద రాసినంతా కాదు.

కాక్రేన్ సమీక్షలో ఇంకో అంకె ఉంది, అది అన్నిటికన్నా ముఖ్యమైనది. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్ళలో కూడా ఆవిర్లు తగ్గాయి. ఒక పరీక్షలో నూటికి ఒకటే తగ్గితే, మరోదానిలో 59 వంతులు తగ్గాయి. ఆ ఆడవాళ్ళు కల్పించి చెప్పారని కాదు. ఆవిర్లు ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువగా వస్తాయి. మరీ ఎక్కువైనప్పుడే ఎవరైనా మందు మొదలుపెడతారు. ఆ తర్వాత అవి ఎలాగూ కొంత తగ్గుతాయి. ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం కూడా నిద్రను బాగుచేస్తుంది. అమెరికాలో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న బ్లాక్ కోహోష్ వేరుతో 351 మంది మహిళల మీద ఏడాది పాటు చేసిన పరీక్ష 2006లో వెలువడింది. ఆ వేరు ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ హార్మోన్లు లేని చికిత్సల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో బ్లాక్ కోహోష్‌ను, సోయా సారాలను సిఫార్సు చేయలేదు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళకి ఈ డబ్బాలు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. 1994 నాటి అక్కడి చట్టం ప్రకారం, అమ్మకానికి పెట్టే ముందు సప్లిమెంట్ పనిచేస్తుందని ప్రభుత్వానికి నిరూపించాల్సిన పని లేదు.

ఇక మన దగ్గరి విషయం, ఆలస్యంగానైనా చెప్పుకోవాల్సింది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీసేసిన వాళ్ళు దేశంలో నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ విషయంలో దేశంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. ఊళ్ళలో ‘సంచి తీసేశారు’ అని ఎంత మామూలుగా అంటారో అందరికీ తెలుసు. ఇందులో చాలామందికి ఆపరేషన్ నాటికి నలభై కూడా నిండవు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలు ఉంచినా అవి మామూలుకన్నా కొన్నేళ్ళు ముందే మూతపడవచ్చు. తమకు తీసింది సంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా అన్నది చాలామందికి తెలియదు, కాగితం మీద మాత్రం ఉంటుంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళకు అండాశయాలు పోయిన మనిషికి వేడి ఆవిర్లు ఒక్కటే సమస్య కాదు. ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు ముందుకు జరగడం కూడా ఉన్నాయి. ఇలాంటి వాళ్ళకి, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది గైనకాలజీలో అందరూ ఒప్పుకునే మాట. అయినా హార్మోన్ మాత్ర అనగానే ‘క్యాన్సర్ వస్తుందట’ అన్న భయం అడ్డొస్తుంది. ఆ భయం పుట్టింది 2002లో. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ అనే మరో ఆడ హార్మోన్ లాంటి మందు) కలిపి ఇచ్చి ఉత్తుత్తి మాత్రతో పోల్చిన 16,608 మంది విభాగాన్ని రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని మధ్యలో ఆపేశారు. ఆ మహిళల సగటు వయసు 63. వాళ్ళకి గర్భసంచి ఉంది. గర్భసంచి లేనివాళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగాన్ని 2004లో ఆపారు. దానికి ముఖ్య కారణం పక్షవాతం ముప్పు. రొమ్ము క్యాన్సర్ మాత్రం ఆ విభాగంలో పెరగలేదు. మన ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆవిడ ఈ రెండు గుంపుల్లో దేనికీ చెందదు. సగటున అరవై దాటిన వాళ్ళ మీద చేసిన పరీక్ష భయంతో ఈమెకు ఎముకను కాపాడే మందు అందకుండా పోయి, ఆ స్థానంలో శతావరి చూర్ణమో సోయా క్యాప్సూలో వచ్చి కూర్చుంటే జరిగే నష్టం పదేళ్ళ తర్వాత తుంటి ఎముక విరిగినప్పుడు గానీ కనబడదు. సప్లిమెంట్ల వల్ల జరిగే కీడులో పెద్ద వంతు ఇదే. సీసాలో విషం లేకపోయినా, ఆ సీసాతో కాలం గడిచిపోతుంది.

తిండికీ క్యాప్సూల్‌కీ ఉన్న తేడా దగ్గరికి వద్దాం. పెద్దమనిషైన పిల్లకి నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం కోస్తా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఇనుమూ ఉంటుంది. లిగ్నాన్లనే మొక్కల ఈస్ట్రోజెన్ రకం పదార్థాలూ ఉంటాయి. ఎదిగే పిల్లకి అది మంచి తిండి. ఇప్పుడు ఇవే నువ్వులు ‘సీడ్ సైక్లింగ్’ పేరుతో తిరిగి వచ్చాయి: నెలసరి మొదటి రెండు వారాలు అవిసె, గుమ్మడి గింజలు, తర్వాతి రెండు వారాలు నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. తేదీల ప్రకారం గింజ మారిస్తే హార్మోన్ మారుతుందన్న దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. గింజలు తినడానికి మాత్రం తేదీ అక్కర్లేదు, ఏ రోజు తిన్నా మంచివే.

సోయా కూడా అంతే. మన ఇళ్ళలో అది మీల్‌మేకర్ రూపంలోనే ఎక్కువగా తెలుసు. తిండిగా తినే సోయా రొమ్ము క్యాన్సర్ తెస్తుందన్న భయానికి ఆధారం దొరకలేదు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన 5,042 మందిని గమనించిన అధ్యయనంలో సోయా ఎక్కువగా తిన్నవాళ్ళకి జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. కానీ సారం తీసి మాత్ర చేస్తే లెక్క మారుతుంది. ఇటలీలో రోజుకు 150 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు (సోయాలోని మొక్కల ఈస్ట్రోజెన్లు) ఐదేళ్ళు వాడిన వాళ్ళలో నూటికి మూడు మందికి పైగా గర్భసంచి లోపలి పొర మందమైంది. ఉత్తుత్తి మాత్ర గుంపులో ఒక్కరికీ కాలేదు. కొన్ని నెలల వాడకంలో ఇలాంటివి బయటపడవు, ఏళ్ళు పట్టాయి.

మొక్కలోంచి నిజంగానే హార్మోన్ మందులు వచ్చాయి. రసెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త 1940ల మొదట్లో మెక్సికో అడవుల్లో దొరికే ఒక పెండలం జాతి దుంపలోని డయాస్‌జెనిన్ అనే పదార్థాన్ని ప్రొజెస్టిరాన్‌గా మార్చే పద్ధతి కనిపెట్టాడు. 1944లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీ మొదలైంది. 1951లో అక్కడి ప్రయోగశాలలోనే నోరెథిస్టిరాన్ పుట్టింది. పెళ్ళిళ్ళకీ పూజలకీ నెలసరి వాయిదా వేయడానికి మన ఇళ్ళలో వేసుకునే మాత్రలో ఉండేది అదే. అయితే దుంప నుంచి హార్మోన్ దాకా జరిగిన మార్పులన్నీ గాజు పాత్రల్లో, రసాయనాలతో జరిగినవి. మనిషి ఒంట్లో ఆ పని చేసే ఎంజైములు లేవు. దుంప సారంతో చేసిన క్రీమ్‌ను ‘సహజ ప్రొజెస్టిరాన్’ అంటే, ఒంట్లో అది ప్రొజెస్టిరాన్ అయ్యే దారే లేదు. మెంతుల్లోనూ ఈ డయాస్‌జెనిన్ ఉంది. మెంతులు షుగర్‌ని కాస్త తగ్గిస్తాయన్న మాట వేరు, హార్మోన్‌గా మారతాయన్న మాట వేరు.

పీసీఓడీకి వాడే మెట్‌ఫార్మిన్ వంశం కూడా ఒక మొక్క దగ్గరే మొదలవుతుంది. యూరప్‌లో గెలీగా అనే మొక్కలోని పదార్థం చక్కెరను తగ్గిస్తుందని గమనించి, దాని బంధువులను ప్రయోగశాలలో తయారుచేశారు. మొక్క నుంచి వచ్చిందా, కంపెనీలో తయారైందా అన్న గొడవ ఇక్కడ పక్కకు పోతుంది. ఒక్క అణువును తీసి, తూచి, ఎంత వేస్తే ఎంత ఫలితమో ఎంత కీడో రాసిపెట్టారా లేదా అన్నదే మిగులుతుంది.

పీసీఓడీలో పుదీనా టీ గురించి చాలా వింటున్నాం. ఇది టర్కీలో మొదలైంది. స్పియర్‌మింట్ టీ తాగే మగవాళ్ళు కోరిక తగ్గిందని చెప్పడంతో అక్కడి డాక్టర్లు ఆరా తీశారు. మన కూరల్లో వేసే పుదీనా కూడా దాదాపు అదే జాతి. బ్రిటన్‌లో 42 మంది మీద ముప్ఫై రోజులు, రోజుకు రెండుసార్లు ఆ టీ ఇచ్చి చేసిన పరీక్షలో రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ తగ్గింది. ముఖం మీదా ఒంటి మీదా వెంట్రుకలు మాత్రం డాక్టర్లు కొలిచిన లెక్కలో తగ్గలేదు. వెంట్రుక ఎదిగి రాలడానికి నెలలు పడుతుంది, కాబట్టి ముప్ఫై రోజుల్లో తేలకపోవడంలో వింత లేదు. రిపోర్టులో అంకె మారడం, అద్దంలో ముఖం మారడం ఒకటి కావని మాత్రం ఈ చిన్న పరీక్ష చూపించింది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. నెలసరి ముందు వచ్చే చిరాకు, రొమ్ముల నొప్పికి విటెక్స్ పండు సారం కొంత పనిచేస్తుందని 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 170 మంది మీద చేసిన పరీక్ష వచ్చింది. మేలు జరిగినవాళ్ళు సారం గుంపులో 52 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 24 శాతం. ఉన్నవాటిలో మెరుగైన ఫలితాల్లో ఇదొకటి. కానీ అది మధ్యధరా ప్రాంతపు మొక్క. మన బాలింతల స్నానానికి ఆకు వేసి కాచే వావిలి దాని చుట్టం మాత్రమే, అదే మొక్క కాదు. అశోక విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. బ్లీడింగ్‌కి ఆయుర్వేదం చెప్పే అశోక చెట్టు ఎర్ర నారింజ రంగు పూల గుత్తులు పూస్తుంది, అడవుల్లో అరుదైపోతోంది. మనం కాలనీల్లో, స్కూళ్ళ గోడల వెంట నిటారుగా చూసి అశోక అనుకునేది నరమామిడి. ఆ బెరడునే అశోక బెరడుగా కలిపి అమ్మడం మూలికల వ్యాపారంలో అందరికీ తెలిసిన కల్తీ. ఆయుర్వేదం తప్పో ఒప్పో తేల్చే ముందు, ఆయుర్వేదం చెప్పిన చెట్టే సీసాలో ఉందా అన్నది తేలాలి.

‘మొక్కే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అన్న మాటను అతిమధురం ఒక్కటే కొట్టేస్తుంది. అందులోని గ్లిసరైజిన్ మూత్రపిండంలో కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి, పొటాషియం పడిపోయి, బీపీ పెరుగుతుంది. హార్మోన్ మీద ఇంత స్పష్టంగా పనిచేసే మొక్కలు అరుదు, అది మనకు అక్కర్లేని వైపు పనిచేసింది. అశ్వగంధ, అంటే మన పెన్నేరు, కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. గర్భంతో ఉన్నవాళ్ళు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా దాని జోలికి పోకూడదు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, వెంటనే సోయా పౌడర్ కలిపిన పాలు తాగే అలవాటుంటే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. డిప్రెషన్‌కి విదేశాల్లో అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది, మాత్ర వాడుతూనే గర్భం రావచ్చు. లోహాల సంగతి కూడా ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. బిడ్డ కావాలనుకుంటున్న ఆడవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎవరైనా వాడాలనుకుంటే వాళ్ళను వెక్కిరించాల్సిన పని లేదు. గైనకాలజిస్ట్ దగ్గర అయిదు నిమిషాలు కూడా దొరకనప్పుడు, ‘ఈ వయసులో ఇవన్నీ మామూలే’ అని పంపేసినప్పుడు, ఆ సీసా ఒక్కటే తమ బాధను పేరు పెట్టి పలకరించినట్టు అనిపిస్తుంది. అలా వాడేవాళ్ళు ఒకే మొక్క ఉన్నది ఎంచుకోవడం మంచిది. పదిహేను మూలికలు కలిపిన దాంట్లో తేడా వస్తే దేనివల్లో ఎవరూ చెప్పలేరు. మొదలుపెట్టిన తేదీ, ఏ ఇబ్బంది కోసం, రోజుకు ఎన్ని ఆవిర్లు లేదా నెలసరి ఎన్నో రోజున అన్నది కాగితం మీద రాసుకుని, మూడు నెలలకి తేడా లేకపోతే ఆపేయవచ్చు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి లివర్ టెస్ట్ చేయించుకోవాలి. ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు, వేరే మందులు రాయించుకునేటప్పుడు డబ్బాను చేత్తో పట్టుకెళ్ళి చూపించాలి.

కొన్నిచోట్ల మాత్రం ఈ మూడు నెలలు కూడా ఇవ్వకూడదు. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అసలే రక్తం తక్కువున్న మనిషికి ప్యాడ్లు గంట గంటకీ మార్చాల్సినంత బ్లీడింగ్ అవుతుంటే, సిరప్ పని చేస్తుందేమోనని ఎదురుచూసే ప్రతి నెలా హిమోగ్లోబిన్ ఇంకొంచెం దిగుతుంది. ఆమెకి ముందు రక్త పరీక్ష, స్కానింగ్, ఐరన్ కావాలి. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ ముట్టు కనిపిస్తే, ఒక్క మరకైనా సరే, అది హార్మోన్ బ్యాలెన్స్ తప్పడం అనుకుని ఏ కషాయమూ మొదలుపెట్టకూడదు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ చాలాసార్లు బయటపడేది ఆ మరకతోనే. ఆ దశలో పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది కూడా.